ఓడ పొట్టలో నీళ్ళతో పాటు ఏమేం దిగుతాయి? మూలపేట దగ్గరోళ్ళం అడుగుతున్నాం

ఏటిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో ఉప్పుటేటి పక్క ఊరు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేసిన మూలపేట పోర్టు (మా ఊళ్ళో పెద్దోళ్ళు ఇప్పటికీ భావనపాడు పోర్టనే అంటారు) మాకు దగ్గరే. నేను టెక్కలి వైపు ఒక గ్రానైట్ క్వారీలో లెక్కలు రాస్తాను. నాన్న, చిన్నాన్న ఏట్లోనూ మొగ దగ్గరా వేటకెళ్తారు.

పోయిన నెల చిన్నాన్న బోటు ఇంజిన్ పని మీద విశాఖపట్నం వెళ్ళి, వస్తూ వస్తూ ట్రాలీ ఆటోలో ఒక బకెట్ పెట్టుకొచ్చాడు. అందులో ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో పాత తాడు ముక్క. తాడు అని నేను అంటున్నాను గానీ తాడు అసలు కనపడలేదు, చుట్టూ గోరంత గోరంత నల్లటి గుల్లలు ద్రాక్షగుత్తిలా కరుచుకుని ఉన్నాయి. ఎరకి పనికొస్తాయేమో అని తెచ్చాడట. నాయనమ్మ డెబ్భై ఏళ్ళుగా ఆ బురదలో గుల్లలు ఏరిన మనిషి, ఒకటి పీకి గోటితో విప్పి చూసి "ఇవి మన ఏటివి కావురా" అంది. అంతటితో ఆగకుండా, "రేపు ఓడలొస్తే ఇవీ వస్తాయి" అని కూడా అంది. ఎలా తెలుసే అంటే చెప్పదు.

అప్పటినుంచి ఫోన్‌లో వెతుకుతున్నాను, బలాస్ట్ వాటర్ అని ఏదో వస్తోంది, చదివితే సగం అర్థమవుతుంది సగం కాదు. ఓడలు అక్కడి నీళ్ళు ఇక్కడ ఎందుకు వదుల్తాయి? నిజంగా దానివల్ల చేపలు పోతాయా, లేక పేపరోళ్ళ హడావిడా? ఊళ్ళో మీటింగ్ పెడితే అడగాల్సింది ఏంటి? నష్టపరిహారం, ఉద్యోగాలు గురించి అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు, ఇది అడిగేవాడు ఒక్కడూ లేడు.

---

మర్చంట్_నేవీ_సోంపేట

తమ్ముడూ, నేను ఓడల మీద ఇంజిన్ ఫిట్టర్ని, పదకొండేళ్ళయింది, ఇప్పుడు సెలవులో ఇంటి దగ్గర ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఖాళీ బిందె నూతిలో వేస్తే పక్కకి ఒరుగుతుంది కదా, సగం నిండితే నిటారుగా నిలబడుతుంది. ఓడ కూడా అంతే. సరుకు దించేశాక ఓడ బాగా పైకి తేలిపోతుంది, ప్రొపెల్లర్ సగం గాల్లో తిరుగుతుంది, గాలి కొడితే ఊగిపోతుంది. అందుకని అడుగునా పక్కలా ఉండే ట్యాంకుల్లోకి ఆ రేవులో నీళ్ళే పంపు చేస్తాం, వాటినే బలాస్ట్ వాటర్ అంటారు. వెనకటికి తెరచాప ఓడలు రాళ్ళు, ఇసుక నింపుకునేవి, ఇనప ఓడలు వచ్చాక నీళ్ళయ్యాయి. లక్ష టన్నుల సరుకు మోసే ఓడ ఖాళీగా నడవాలంటే ముప్పై నలభై వేల టన్నుల నీళ్ళు పట్టుకోవడం మామూలే. తర్వాత రేవులో సరుకు ఎక్కించేటప్పుడు ఆ నీళ్ళని బయటికి కొట్టేస్తాం. బయటికి అంటే అక్కడి సముద్రంలోకి, అంటే మీ ఏటి మొగలోకి అనుకో.

పంపు నోటికి జాలీ ఉంటుంది గానీ అది చేపల్ని, చెత్తని ఆపడానికి. గుల్లల పిల్లలు, పీతల పిల్లలు పుట్టినప్పుడు కంటికి కనపడవు, నీళ్ళలో కొట్టుకుపోతుంటాయి. అవన్నీ ట్యాంకులోకి వస్తాయి. ట్యాంకు అంతా చీకటి, చాలా చస్తాయి. చావనివి కొన్ని. అడుగున బురద ఉంటుంది చూడు, డ్రైడాక్‌లో (ఓడని నీళ్ళు లేకుండా నిలబెట్టి బాగుచేసే చోట) ఆ ట్యాంకులోకి దిగి పార పట్టుకుని ఎత్తినవాడిని నేను, మోకాలి దాకా దిగబడింది ఒకసారి. ఆ బురదలో కొన్ని నాచు జాతులు గింజల్లాగా గట్టి పెంకు కట్టుకుని ఏళ్ళ తరబడి పడుంటాయని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు.

ఇప్పుడు దీనికి రూల్స్ ఉన్నాయి. ఐఎంఓ అని ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఓడల సంస్థ, లండన్‌లో ఉంటుంది. 2004లో ఒప్పందం రాశారు, అది అమల్లోకి వచ్చింది 2017 సెప్టెంబర్ 8న. పదమూడేళ్ళు! మొదట్లో రూల్ ఏంటంటే, తీరానికి కనీసం 200 నాటికల్ మైళ్ళ అవతల, 200 మీటర్ల లోతు ఉన్న చోట పాత నీళ్ళు పోసేసి నడిసముద్రం నీళ్ళు నింపుకోవాలి. రేవు నీళ్ళలో బతికేది నడిసముద్రంలో బతకదు, నడిసముద్రంలోది రేవులో బతకదు, అదీ లెక్క. వినడానికి బాగుంటుంది. తుఫాను రోజుల్లో బంగాళాఖాతంలో ట్యాంకులు ఖాళీ చేస్తూ నింపుతూ ఉంటే ఎలా ఉంటుందో చేసినోడికి తెలుస్తుంది. 2006లో కూగర్ ఏస్ అనే కార్ల ఓడ అలాస్కా దిగువన బలాస్ట్ మార్చుకుంటూ 60 డిగ్రీలు పక్కకి ఒరిగిపోయింది, లోపల 4,700 పైచిలుకు కొత్త కార్లు, అన్నీ తర్వాత తుక్కు చేసేశారు.

అందుకని ఇప్పుడు ఓడలోనే మెషిన్ పెడుతున్నారు. ముందు ఫిల్టరు, తర్వాత యూవీ లైట్లు, లేదంటే కరెంటుతో ఉప్పునీళ్ళలోంచే క్లోరిన్ పుట్టించి చంపడం. వదిలే నీళ్ళలో ఒక ఘనపు మీటరుకి 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిన బతికున్న ప్రాణులు పదిలోపే ఉండాలి, కలరా క్రిమికి కూడా లెక్క ఉంది. ఒప్పందం కిందికి వచ్చే ఓడలన్నిటికీ 2024 సెప్టెంబర్ 8 ఆఖరు గడువు. మెషిన్ ఉందా అంటే ఉంటుంది. పనిచేస్తుందా అంటే... నేను చేసిన ఒక ఓడలో బురద నీళ్ళున్న రేవుకి వెళ్తే ఫిల్టరు అరగంటకోసారి మూసుకుపోయేది, చీఫ్ ఇంజినీరు తిడుతుంటే, మెషిన్‌ని తప్పించి నీళ్ళు పంపే బైపాస్ వాల్వు వైపు అందరం ఆశగా చూసేవాళ్ళం. ఇంతకంటే రాయను.

---

కుర్చీలో_ఎలక్ట్రీషియన్

ట్యూబ్‌లైట్ చోక్‌ని కూడా బలాస్ట్ అంటారు కదా, రైలు పట్టాల కింద కంకరని కూడా. ఇన్నాళ్ళూ ఈ మూడూ వేరు వేరు అనుకున్నాను.

---

జువాలజీ_మాస్టారు

ఏటిగట్టూ, జవాబు తర్వాత. ముందు ఇది చెప్పు. ఆ బకెట్‌లో నీళ్ళు ఎక్కడ పారబోశారు?

తాడు సంగతి సరే, ఎండలో ఆరేస్తే చచ్చిపోతాయి (తడిగా నీడలో ఉంచితే మాత్రం కొన్నాళ్ళు బతుకుతాయి). నా భయం నీళ్ళ గురించి. ఆ గుల్లలు బకెట్‌లో గుడ్లు వదిలి ఉంటే ఆ నీళ్ళే మీ ఏటికి మొదటి ఓడ. చిన్నాన్నని వెంటనే అడిగి ఇక్కడ రాయి. తిట్టకుండా అడుగు.

ఇక నాయనమ్మ గారి మాట. ఫోటో పెట్టలేదు కాబట్టి పేరు ఖాయంగా చెప్పలేను, కానీ నువ్వు చెప్పిన వర్ణనకి సరిపోయేది విశాఖ రేవులో ఒకటి ఉంది. మిటిలోప్సిస్ సల్లై అంటారు. సొంత ఊరు కరేబియన్ సముద్రం వైపు, అమెరికా ఖండం అవతలి గట్టు. మన దేశంలో దాన్ని మొదటిసారి చూసింది ఎక్కడో కాదు, విశాఖపట్నం రేవులోనే, 1967లో. ఆంధ్రా యూనివర్సిటీ జువాలజీలో ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి, ఆయనతో పనిచేసినవాళ్ళు 1971లో దాని మీద పేపర్ కూడా రాశారు. మేం చదువుకునే రోజుల్లో రేవు గోడల మీద గీకి తెచ్చిన గుల్లలు ల్యాబ్‌లో ట్రేలో పెట్టి చూపించేవారు, కంపు ఇప్పటికీ ముక్కులో ఉంది. 1967 నుంచి ఇప్పటిదాకా అది అక్కడే ఉంది, ఆ తర్వాత ముంబయి రేవులోనూ కనపడింది. ఒకసారి దిగాక పోవడం అనేది ఉండదు, పొలంలో వయ్యారిభామ చూశావుగా, అలాగే.

అది బలాస్ట్‌లోనే వచ్చిందా, ఓడ అడుక్కి అంటుకుని వచ్చిందా అనేది వాదనలోనే ఉంది. రెండు దారులూ ఉన్నాయి. ఈ రెండోది జనం మర్చిపోతారు.

ఈ గుల్లకి ఉప్పు ఎక్కువైనా పర్వాలేదు, వానాకాలంలో ఏరు సగం తియ్యనైపోయినా పర్వాలేదు. సముద్రపు జాతులు చాలావాటికి మన వరద నీళ్ళు తగిలితే చావే, దీనికి కాదు. పుట్టిన నెలా నెలన్నరకే ఈడుకొస్తుంది. తాడు, కర్ర, పడవ అడుగు, పైపు, ఇంకో గుల్ల వీపు, ఏది దొరికితే దాని మీద ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తుంది. నీళ్ళని వడగట్టి తింటుంది కాబట్టి ఏట్లో మిగతా గుల్లలు తినాల్సిన తిండిని ఇదే తినేస్తుంది. దీంట్లో మాంసం చూస్తే ఏముంది, కూరకి కాదు, సున్నానికి కాదు.

కేరళలో దీని లాంటిదే ఇంకో గుల్ల, దక్షిణ అమెరికాది, మైటెల్లా స్ట్రైగేటా, అష్టముడి సరస్సులో పరుచుకుంది. అక్కడ చిన్న గుల్లల వేట ఎంత పేరున్నదంటే 2014లో మన దేశంలోనే మొదటిసారి వేట పద్ధతిగా జరుగుతోందని ఇచ్చే ఎంఎస్‌సీ అనే అంతర్జాతీయ సర్టిఫికెట్ దానికి వచ్చింది. ఆ గుల్లలుండే నేల మీదే ఇది చాప పరిచినట్టు పరుచుకుంది. ఇటు చెన్నై పక్కన ఎన్నూరు ఏటిలో జాలర్లు దీన్ని "కాక ఆళి" అంటున్నారు, బురదలో రొయ్య దాక్కోడానికి చోటు లేకుండా చేసిందని వాళ్ళ గోడు. చేత్తో తడిమి రొయ్య పట్టేవాళ్ళకి అరచేతులు కోసుకుపోతున్నాయి. అది గ్రీన్ ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు చూసే కోర్టు) దాకా వెళ్ళింది. ఎన్నూరు పక్కన పులికాట్, పులికాట్ అంటే చాలావరకు మనదే.

చేపలు నిజంగా పోతాయా అన్నావు. నల్లసముద్రంలో పోయాయి. 1980ల మొదట్లో అమెరికా తీరం నుంచి ఒక జెల్లీ లాంటి జీవి, నెమియోప్సిస్, ఓడల నీళ్ళతో అక్కడికి చేరింది. అది చేప పిల్లల్నీ, గుడ్లనీ, అవి తినే సన్న ప్రాణుల్నీ కూడా తినేస్తుంది. అక్కడివాళ్ళకి బతుకుతెరువు యాంచొవీ, అంటే మన నెత్తళ్ళ చుట్టాలు. 1989 వచ్చేసరికి జెల్లీ నిండిపోయి నెత్తళ్ళ వేట కుప్పకూలింది. మొత్తం పాపం జెల్లీదే అనకూడదు, అప్పటికే అక్కడ విపరీతంగా పట్టేస్తున్నారు కూడా. తర్వాత 1997లో దీన్నే తినే ఇంకో జెల్లీ, బెరోయె, అదీ పిలవకుండానే వచ్చి కాస్త అదుపులో పెట్టింది. అలాంటి అదృష్టం ప్రతిచోటా పట్టదు.

---

పలాస_జీడిపప్పు

మాస్టారూ గౌరవంగానే అడుగుతున్నా, ఇదంతా పోర్టు వద్దని చెప్పడానికి కొత్త సాకులా లేదూ? మా జీడి ఎక్కడిది? బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది కాదా? ఇవాళ పలాసలో ఎన్ని వేల ఇళ్ళు దాని మీద తింటున్నాయి? తీరం పొడుగునా సరుగుడు తోటలున్నాయి, అదీ మనది కాదు. వెనామీ రొయ్య మనదా? పసిఫిక్‌ది. సర్కారే 2009లో అనుమతిచ్చి తెప్పించింది. బయటిదంతా చెడ్డదైతే మనం మిరపకాయ కూడా మానేయాలి. మా మేనల్లుడు బీటెక్ చదివి హైదరాబాద్‌లో డెలివరీ చేస్తున్నాడు, పోర్టొస్తే ఇంటి దగ్గరుంటాడు. గోరంత గుల్ల కోసం అది ఆపేద్దామా?

---

జువాలజీ_మాస్టారు

ఆపేద్దామని నేనెక్కడన్నాను బాబూ, పైకెళ్ళి మళ్ళీ చదువు.

జీడి మాట బాగానే పట్టుకున్నావు. కానీ జీడిని మనం నాటాం, ఎక్కడ నాటాలో మనమే చూసుకున్నాం, వద్దనుకుంటే గొడ్డలి ఉంది. వెనామీ తల్లి రొయ్యల్ని నేరుగా చెరువులో వేయరు, చెన్నైలో సర్కారు క్వారంటైన్‌లో ఉంచి, రోగాలు లేవని చూశాకే హేచరీలకి (రొయ్య పిల్లల్ని పుట్టించే చోట్లకి) ఇస్తారు. పరీక్ష లేకుండా ఏటిలోకి ముప్పై వేల టన్నులు పోసేదానికీ దీనికీ పోలికేంటి? బయటి జాతుల్లో చాలావరకు వచ్చి ఊరికే చచ్చిపోతాయి, బతికినవాటిలోనూ చాలావాటి వల్ల హాని లేదు. ఏది గుర్రపుడెక్క అవుతుందో ముందు తెలియదు, అదే చిక్కు. గుర్రపుడెక్కని కూడా పువ్వు బాగుందనే తెచ్చుకున్నారు.

---

హేచరీ_నైట్‌డ్యూటీ

నాది విజయనగరం జిల్లా, పూసపాటిరేగ వైపు హేచరీలో టెక్నీషియన్ని. వెనామీ పేరెత్తారు కాబట్టి నా బాధ కూడా రాస్తాను. మేం తాగే నీళ్ళ కంటే రొయ్య పిల్లకిచ్చే నీళ్ళు శుభ్రం, సముద్రం నుంచి లాగిన నీళ్ళు ఇసుక ఫిల్టరు, క్లోరిన్, మళ్ళీ క్లోరిన్ పోగొట్టడం, సన్న ఫిల్టరు, యూవీ, ఇన్ని దాటితే గానీ ట్యాంకులోకి రావు. పైన సోంపేట అన్న చెప్పిన ఓడ మెషిన్ కూడా ఇదే తంతు అని చదివి నవ్వొచ్చింది, మేం లోపలికి రాకుండా చేసేది వాళ్ళు బయటికి పోకుండా చేస్తున్నారు.

మాకు పైపుల్లో గుల్లలు పట్టడం ఇప్పటికే ఉంది, మన ఊరి గుల్లలే. ఏడాదికి రెండుసార్లు పైపు విప్పి కొట్టి దులపాలి. నేను ఇంతకు ముందు చేసిన ఒక హేచరీలో ఓనరు ఆ పని వాయిదా వేసి వేసి, ఒక రాత్రి రెండు గంటలకి పంపు కాలిపోయి, పొద్దున్నకి నాలుగు ట్యాంకుల పిల్ల తెల్లగా తేలింది. జీతంలో కోసింది మాత్రం నాది. మన గుల్లలకే ఇలా ఉంటే, నెలన్నరకే ఈడుకొచ్చే రకం వస్తే ఏడాదికి రెండుసార్లు కాదు, పక్షానికోసారి విప్పాలి. అమెరికాలో గ్రేట్ లేక్స్‌లో 1988లో జీబ్రా మసెల్ అనే చారల గుల్ల కనపడ్డాక కరెంటు ప్లాంట్ల పైపులు, ఊళ్ళ మంచినీళ్ళ పైపులు మూసుకుపోయాయని మా ట్రైనింగ్‌లో ఫోటోలు చూపించారు, అదీ ఓడ నీళ్ళదే.

ఇంకోటి, గుల్లల కంటే నాకు నాచు అంటే టెన్షన్. బురదలో గింజలా ఉంటుందని అన్న చెప్పాడే, అది. ఆస్ట్రేలియాలో టాస్మానియాలో 1980ల్లో ఒక విషపు నాచు వల్ల గుల్లల పెంపకం కేంద్రాలు మూయాల్సి వచ్చింది, అది ఓడల నీళ్ళతో వచ్చిందనే ఎక్కువమంది నిపుణుల మాట. గుల్ల చావదు, గుల్ల తిన్న మనిషికి నోరు తిమ్మిరెక్కుతుంది, ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. వండినా ఆ విషం పోదు. ఏటిగట్టు నాయనమ్మ లాంటి వాళ్ళు రోజూ ఏరుకుని తినేది గుల్లలే కదా.

---

ఏటిగట్టు

మాస్టారూ, చిన్నాన్నని అడిగాను. బకెట్ నీళ్ళు పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పోశాడట. "ఏట్లోనే పోద్దామనుకున్నాను గానీ ఎండకి బద్ధకమేసి అక్కడే కుమ్మరించాను" అన్నాడు. తాడు పెంకుల మీద పదిరోజులుగా ఎండుతోంది, కాకులు కూడా ముట్టట్లేదు. బద్ధకం కూడా ఒక్కోసారి మంచి పని చేస్తుందని ఇంట్లో అందరూ నవ్వుకున్నాం. నాయనమ్మ మాత్రం నవ్వలేదు. ఎలా తెలుసని మళ్ళీ అడిగితే అప్పుడు చెప్పింది, మా తాతయ్య కుర్రతనంలో విశాఖ రేవులో బరువులు మోసేవాడట, రేవు మెట్ల మీద ఈ గుల్లలు కాళ్ళు కోస్తున్నాయని, కొత్తగా ఎక్కడినుంచో వచ్చాయని చెప్పేవాడట. 1967 అన్నారు కదా మీరు, లెక్క కుదురుతోంది.

ఒక అనుమానం. మా క్వారీ నుంచి గ్రానైట్ బ్లాకులు ఇక్కడినుంచే ఎగుమతి చేస్తారని అనుకుంటున్నారు. బొగ్గు దిగుతుందనీ అంటున్నారు. నీళ్ళ విషయంలో రెండూ ఒకటేనా?

---

మర్చంట్_నేవీ_సోంపేట

ఒకటి కాదు తమ్ముడూ, మంచి ప్రశ్న, నేనే ముందు రాయాల్సింది. బొగ్గు ఓడ నిండుగా వస్తుంది, అంటే బలాస్ట్ దాదాపు ఉండదు. బొగ్గు దించాక మీ నీళ్ళు నింపుకుని పోతుంది. అప్పుడు మీ ఏటి పురుగూ పుట్రా ఇంకెవరి రేవులోనో దిగుతాయి, వాళ్ళు మనల్ని తిట్టుకుంటారు. గ్రానైటో, ఇనుప ఖనిజమో ఎక్కించుకోడానికి వచ్చే ఓడ ఖాళీగా, పొట్టనిండా పరాయి నీళ్ళతో వస్తుంది. విశాఖ నుంచి ఇనుప ఖనిజం ఏళ్ళ తరబడి జపాన్ వైపు పోయింది కదా, ఆ ఓడలన్నీ వచ్చింది అలాగే. కాబట్టి మీటింగ్‌లో మొదట అడగాల్సింది, ఏ సరుకు ఎక్కుతుంది, ఏది దిగుతుంది, ఖాళీ ఓడలు ఏ రేవుల నుంచి వస్తాయి. వేడి సముద్రం నుంచి, ఏటి మొగ రేవుల నుంచి వచ్చేవాటితో భయం ఎక్కువ, ఎందుకంటే అక్కడ బతికింది ఇక్కడా బతుకుతుంది. రష్యా చలి నీళ్ళలోది మన మే నెలకి తట్టుకోదు.

రెండోది, ఓడలు వచ్చేదాకా ఆగక్కర్లేదు. పోర్టు కట్టేటప్పుడే డ్రెడ్జర్లు (అడుగు మట్టి తవ్వేవి), బార్జీలు (సరుకు మోసే చదును పడవలు), టగ్గులు (ఓడల్ని లాగేవి) వేరే రేవుల నుంచి వస్తాయి, అక్కడ నెలల తరబడి కదలకుండా నిలబడి అడుగున గుల్లలు పట్టించుకున్నవే చాలా ఉంటాయి. నడిచే ఓడకంటే నిలబడ్డ బార్జీ అడుగు ఘోరం, నేను డ్రైడాక్‌లో చూశాను, గడ్డం పెరిగినట్టుంటుంది. అవి గీకించి తెచ్చారా అని అడుగు. బలాస్ట్ మెషిన్ ఎంత మంచిదైనా దీన్ని ఆపదు.

---

పలాస_జీడిపప్పు

సరే, ఒప్పుకుంటున్నా, బార్జీ సంగతి నాకు తెలీదు. కానీ అడిగితే ఏమంటారో నాకు తెలుసు, "రూల్స్ ప్రకారమే జరుగుతుంది" అంటారు. రేపు ఏట్లో నల్లగుల్ల కనపడితే "ఇది ముందునుంచీ ఉందండి" అంటారు. అప్పుడేం చేస్తావు?

---

జువాలజీ_మాస్టారు

జీడిపప్పూ, ఇన్ని మాటల్లో అసలు మాట నువ్వే అన్నావు.

1999లో ఆస్ట్రేలియాలో డార్విన్ ఊరి పడవల రేవులో ఇదే మిటిలోప్సిస్ సల్లై కనపడింది. అక్కడికి ఆరు నెలల ముందు, 1998 సెప్టెంబర్‌లో అదే చోట సర్వే చేస్తే లేదు. రాసిపెట్టుకున్న కాగితం ఉంది కాబట్టి ఇది కొత్తది, ఇప్పుడే వచ్చింది అని వెంటనే తేల్చుకున్నారు. అక్కడ ఆటుపోట్లు పెద్దవి కాబట్టి ఆ రేవులకి తలుపులుంటాయి. తలుపులు మూసి, లోపల క్లోరిన్, మైలుతుత్తం పోసి, దానితోపాటు లోపల బతికున్నదాన్నంతా చంపి, నెల తిరక్కుండా వదిలించుకున్నారు. ఆ ఖర్చు పదిలక్షల డాలర్లలో. ప్రపంచంలో ఇలా పూర్తిగా వదిలించుకున్న చోట్లు వేళ్ళ మీద లెక్క. మన మొగకి తలుపుల్లేవు, మన ఏట్లో మైలుతుత్తం పోస్తే తేలినీలాపురం కొంగలు ఏం తింటాయి? కాబట్టి మనకి ఆ వైద్యం లేదు, కొత్తది వస్తే తొందరగా పట్టుకోవడమే ఉంది. తొందరగా పట్టుకోవాలంటే ఇప్పుడేముందో రాసి ఉండాలి.

దీన్ని బేస్‌లైన్ సర్వే అంటారు. ఐఎంఓ వాళ్ళే ప్రపంచంలో ఆరు రేవులు ఎంచుకుని బలాస్ట్ పని మొదలుపెట్టినప్పుడు అందులో మన ముంబయి ఒకటి, అక్కడ గోవా నుంచి ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు వచ్చి రేవులో ఏమేం ఉన్నాయో లెక్క తీశారు. కాబట్టి మన దేశంలో ఎవరికీ తెలియని విద్య కాదు. మీటింగ్‌లో అడగాల్సింది ఒక్కటే అయితే నేను ఇదే అడుగుతాను, మొదటి ఓడ రాకముందు ఏట్లో, మొగలో, నౌపడ ఉప్పు కయ్యలకి నీళ్ళు వెళ్ళే కాలవల్లో సర్వే చేశారా, చేస్తే ఆ కాగితం మాకిస్తారా.

వాళ్ళు చేసేలోపు నువ్వు చేయగలిగింది కూడా ఉంది ఏటిగట్టూ. పెద్ద ఖర్చు లేదు. జానెడు పెంకులు నాలుగు, తాడుకి కట్టి, ఏటిలో నీళ్ళు తగ్గినా మునిగుండే లోతులో మీ రేవు గుంజకి వేలాడదీయి. నెలకోసారి పైకి తీసి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి రెండు వైపులా ఫోటో తీసి, తారీఖు రాసి, మళ్ళీ దింపెయ్యి. మేం ల్యాబ్‌లో చేసేదీ ఇదే, పేరు పెద్దది అంతే. ఏడాది ఫోటోలుంటే "ఇది ముందునుంచీ ఉంది" అన్నవాడికి చూపించొచ్చు. ఏది ఏదో నేను చెప్తాను, నాకు తెలియనిది తెలిసినవాళ్ళకి పంపిద్దాం. నాయనమ్మ గారిని పక్కన కూర్చోబెట్టుకో, ఆవిడ ఏ గుల్లకి ఏ పేరు చెప్తే అదే రాయి, ల్యాటిన్ పేరు నేను పక్కన చేరుస్తాను.

---

హేచరీ_నైట్‌డ్యూటీ

మాస్టారూ నేనూ ఇక్కడ చంపావతి కలిసే చోట కోనాడ దగ్గర కడతాను. రెండు జిల్లాలవి పోల్చుకోవచ్చు. పెంకు బదులు పాత పీవీసీ పైపు ముక్క పనికొస్తుందా?

---

జువాలజీ_మాస్టారు

పనికొస్తుంది, కాస్త గరుకు కాగితంతో రుద్ది కట్టు, నున్నగా ఉంటే పట్టడానికి ఆలస్యమవుతుంది. ఇద్దరూ ఒకే సైజు వాడండి.

---

ఏటిగట్టు

ఆదివారం కట్టేస్తాం. చిన్నాన్న పెంకులకి ఆల్రెడీ చిల్లులు పెడుతున్నాడు, బకెట్ నీళ్ళకి ప్రాయశ్చిత్తం అట. నాయనమ్మ లిస్టు మొదలైంది, ఇప్పటికి పద్నాలుగు పేర్లు చెప్పింది, అందులో తొమ్మిది నేను ఎప్పుడూ వినలేదు.

---

మర్చంట్_నేవీ_సోంపేట

కొబ్బరితాడు కట్టకు తమ్ముడూ, మూడో నెలకి కుళ్ళి తెగుతుంది. నైలాన్ కట్టు. పడవకి రంగేసే చోట కట్టకండి, ఆ రంగులో విషం కలుపుతారు, దాని పక్కన ఏ గుల్లా పట్టదు, ఏమీ లేవని సంబరపడతారు.